‘అభ్యంతరాలు లేవు’ అని ఎవరు చెప్పారు?

గౌరవనీయులైన రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి,



వార్డులవారీ ఓటర్ల జాబితా ముసాయిదాపై మా మండలంలో అభ్యంతరాలేవీ రాలేదని, అందుచేత దానినే తుది జాబితాగా ప్రచురించామని మీకు నివేదిక అందింది. మీరు ఆమోదించారు. ఆ నివేదికలో అబద్ధం ఉందని నేను అనను. అభ్యంతరాలు నిజంగానే రాలేదు. ఎందుకు రాలేదో ఆ కాగితం చెప్పదు, మీరూ అడగలేదు. అడగని ఆ ప్రశ్న కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో మీకు తెలియని సంగతి ఒక్కటీ లేదని నాకు తెలుసు. తెలిసీ పక్కన పెట్టిన సంగతులను పదిమంది వినేలా మీ ముందు పెట్టడమే నా ఉద్దేశం.

నేను బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఉన్నంతకాలం ఎన్నికలంటే ప్రిసైడింగ్ ఆఫీసరు డ్యూటీ తప్పేది కాదు. పోలింగ్ కేంద్రం బయట అందరికీ కనబడేలా రెండు నోటీసులు అంటించాలని మాకు శిక్షణలో చెప్పేవారు. ఆ కేంద్రంలో ఏ ప్రాంతపు ఓటర్లు ఓటేయాలో ఒకదానిలో ఉంటుంది, పోటీలో ఉన్న అభ్యర్థుల పేర్లు రెండోదానిలో ఉంటాయి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోనే ఆ మాట ఉంది. అర్ధరాత్రి దాకా మెటీరియల్ లెక్క చూసుకుని, తెల్లవారుజామునే లేచి, మైదా జిగురు కలుపుకుని ఆ కాగితాలు అంటించేవాళ్లం. గాలికి ఒక మూల లేచినా జోనల్ ఆఫీసరు జీపు దిగీ దిగగానే కసురుకునేవాడు. ఒక్క రోజు డ్యూటీకి వచ్చిన పంతులు మీద అంత కచ్చితంగా ఉండే వ్యవస్థ, ఏళ్ల తరబడి అధికారంలో ఉండే మీ యంత్రాంగం దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత ఉదారంగా మారిపోతుందో నాకు అంతుపట్టడం లేదు.

ముసాయిదాపై అభ్యంతరాలు వినే సమావేశం గురించిన మీ నోటీసు మా మండల కార్యాలయంలో ఎక్కడుందో చెబుతాను. వరండా చివర, పాత ఇనుప బీరువాలు వరసగా పెట్టిన చోట, వాటి వెనక గోడకు అద్దాల తలుపున్న బోర్డు ఉంది. దానికి తాళం. అద్దం మీద దుమ్ము. లోపల ఒకదాని మీద ఒకటి గుచ్చిన కాగితాల్లో అడుగున, జిరాక్సు మీద జిరాక్సు తీసి అక్షరాలు అలుక్కుపోయిన ఒక పేజీ. ఖాళీగా వదిలిన తేదీ, వేళ మాత్రం బాల్ పెన్నుతో నింపారు. సమావేశం పొద్దున పదకొండు గంటలకు. కాగితం బోర్డుకెక్కింది ముందు రోజు సాయంత్రం. నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఆ వేళకు ఊళ్లో ఆడవాళ్లంతా మడుల్లో ఉంటారని అక్కడ పనిచేసే అటెండరుకు కూడా తెలుసు. అయినా ఫైల్లో ‘నోటీసు బోర్డునందు ప్రచురించి విస్తృత ప్రచారం కల్పించడమైనది’ అని రాసి ఉంది. కింద సంతకం, ముద్ర.

ఆ సమావేశానికి రాజకీయ పార్టీల ప్రతినిధులను పిలిచారు, వాళ్లలో కొందరు వచ్చారు. పార్టీలను పిలవడం తప్పు కాదు. అయితే పార్టీ మనిషి తన ఓటర్ల కోసం చూస్తాడు, ఎదుటి పక్షం ఓట్ల మీద కన్నేస్తాడు. మెడలో ఏ కండువా లేని ఓటరు తరఫున ఆ గదిలో మాట్లాడేదెవరు? మీరే కదా. రాజ్యాంగం మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది అందుకే. 243కె అధికరణం పంచాయతీ ఎన్నికల జాబితాల తయారీ మీద, నిర్వహణ మీద పర్యవేక్షణ, ఆదేశం, అదుపు అన్నిటినీ మీ చేతుల్లో పెట్టింది. హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప మిమ్మల్ని తొలగించే వీలు లేకుండా కాపు కాసింది. ఇంత రక్షణ మీ సౌఖ్యం కోసం ఇచ్చింది కాదని మీకు వేరే చెప్పాలా?

జాబితాలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. మా వీధిలో ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తినే కుటుంబంలో తల్లి ఓటు ఒక వార్డులో, కొడుకు, కోడలి ఓట్లు ఊరికి అవతలి కొసన ఉన్న మరో వార్డులో పడ్డాయి. ఎప్పుడో పోయినవాళ్ల పేర్లు భద్రంగా ఉన్నాయి. నిరుడు పెళ్లై వచ్చిన ఆడపిల్లల పేర్లు లేవు. అడిగితే, ఇది అసెంబ్లీ జాబితా నుంచి తీసుకున్నది, మేం చేర్చలేం, ముందు అందులో పేరు చేర్పించుకోండి అంటారు. అసెంబ్లీ జాబితా చూసే అధికారుల దగ్గరికెళితే, పంచాయతీ సంగతి మాది కాదు, రాష్ట్ర కమిషన్‌ను అడగండి అంటారు. రెండు గడపల మధ్య ఓటరు చెప్పులరిగేలా తిరుగుతుంటే, గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

వార్డు అంటే చిన్నది, దాని కోసం ఇంత రాద్ధాంతమా అని మీ కార్యాలయంలో ఎవరైనా అనుకోవచ్చు. చిన్నది కాబట్టే రాద్ధాంతం. అసెంబ్లీ నియోజకవర్గంలో ఒక వీధి ఇటు జరిగినా అటు జరిగినా ఫలితం మారకపోవచ్చు. వార్డులో గెలుపోటములు వేళ్ల మీద లెక్కపెట్టే ఓట్లతో తేలిపోతాయి. నాలుగిళ్లు గీతకు అవతల పడితే మెంబరు మారిపోతాడు, ఉప సర్పంచి ఎవరన్నదీ దాన్ని బట్టే తేలుతుంది. ఎక్కడ గీత గీశారో ఓటరు చూడగలగడం కన్నా పెద్ద హక్కు ఆ ఎన్నికలో మరొకటి లేదు.

అసెంబ్లీ, పార్లమెంటు జాబితాలకు 1960 నాటి ఓటర్ల నమోదు నియమాలున్నాయి. ముసాయిదా ప్రచురించాక అభ్యంతరాలకు 30 రోజుల గడువు, ఎంత కుదించినా 15 రోజులకు తగ్గకూడదని వాటిలో ఉంది. మా పంచాయతీ జాబితాకు వచ్చేసరికి ఆ గడువు వారం పది రోజులకు కుంచించుకుపోయింది. అందులో ఆదివారాలు పోను, నోటీసు బీరువాల వెనక గడిపిన రోజులు పోను, ఓటరుకు మిగిలిందేమిటో మీరే లెక్క వేయండి. పనుల కోసం ఊరు విడిచి వెళ్లినవాళ్లకైతే ఆ గడువు మొదలైనట్టూ తెలియదు, ముగిసినట్టూ తెలియదు.

నియమం ప్రకారం ప్రచురించాం, చూసుకోకపోవడం ఓటరు తప్పు అన్న వాదన సుప్రీంకోర్టు ముందు నిలిచేది కాదు. నోటీసు ఇవ్వకుండా, వాదన వినకుండా జాబితా నుంచి పేరు కొట్టివేయకూడదని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులోనే ఆ న్యాయస్థానం తేల్చింది. మొన్న 2025లో బిహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ జరిగి, ఆగస్టు 1న విడుదలైన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకపోతే, ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఏమని ఆదేశించిందో మీకు గుర్తుండే ఉంటుంది. తొలగించిన పేర్లన్నీ కారణాలతో సహా బూత్‌లవారీగా బయటపెట్టాలంది. పత్రికల్లో, రేడియోలో, టీవీలో చాటాలంది. పంచాయతీ భవనాల్లో, బ్లాకు కార్యాలయాల్లో ఆ జాబితాలు అతికించాలంది. ఎక్కడ అతికించాలో కూడా దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి రావడమే ఎన్నికల యంత్రాంగానికి చిన్నతనం. ఆ చిన్నతనం కేంద్ర కమిషన్‌ది కదా, మాది కాదు కదా అని మీరు తప్పుకోలేరు. బాధ్యత విషయంలో మీ రెండు కమిషన్లకూ తేడా లేదు.

ఎన్నికలకే ఏళ్లు పడుతున్నప్పుడు నోటీసుకు ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే ఏమైందని అడిగేవాళ్లున్నారు. మీ కమిషన్ మీద నా ఫిర్యాదులో సగం అదే. పాలకవర్గం గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలని 243ఇ అధికరణం నిర్దేశిస్తోంది. కిషన్ సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. ప్రభుత్వం సహకరించకపోతే కోర్టుకు వెళ్లండని కమిషన్లకు దారి కూడా చూపింది. అయినా జరుగుతున్నదేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదటి రోజుల్లో సర్పంచులు దిగిపోతే, కొత్తవాళ్లను ఎన్నుకోవడానికి 2025 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. వీధిదీపం వెలగకపోతే ఎవరిని అడగాలో తెలియని కాలం అది. ఏళ్ల తరబడి ఎన్నిక వాయిదా పడుతున్నప్పుడు లేని తొందర, తీరా ముసాయిదా వెలువడ్డాక అభ్యంతరాల గడువు దగ్గరే ఎందుకు పుట్టుకొస్తోంది? ఆలస్యం చేసిన రోజులన్నీ ప్రభుత్వానివి, మీవి. కోత పడిన రోజులు మాత్రం ఓటరువి.

బాధ్యతలు స్వీకరించినప్పుడు మీరు విలేకరుల ముందు చెప్పిన మాటలు మేం మరచిపోలేదు. ప్రతి ముసాయిదా జాబితానూ గ్రామసభలో చదివిస్తామన్నారు. బడి గోడ మీదా, రేషన్ షాపు దగ్గరా అంటిస్తామన్నారు. మా ఊళ్లో గ్రామసభ జరిగినట్టు రిజిస్టరు మాత్రం ఉంది. సంతకాలూ ఉన్నాయి. అవి సభలో పెట్టినవి కావు, మర్నాడు ఇంటింటికీ రిజిస్టరు తిప్పి పెట్టించుకున్నవి. దేనికి పెడుతున్నారో తెలియక, పింఛను కాగితమనుకుని వేలిముద్ర వేసిన ముసలివాళ్లున్నారు. చదవని జాబితాను చదివినట్టు, జరగని సభను జరిగినట్టు, తెలియని జనాన్ని ఒప్పుకున్నట్టు వరసగా కాగితాలు పుడుతున్నాయి. కంచె వేశామని రాసుకుని చేను పశువులకు వదిలేస్తే, పంట నష్టం లెక్కలో రైతు మౌనాన్ని ఒప్పుదలగా రాస్తారా? మా మౌనాన్ని తయారుచేసిందీ మీ యంత్రాంగమే, దాన్ని అంగీకారంగా నమోదు చేసిందీ మీ యంత్రాంగమే.

సిబ్బంది మా చేతిలో లేరు, నిధులు లేవు అని మీ వైపు నుంచి సమాధానం రావచ్చు. మీరు కోరితే కావలసిన సిబ్బందిని సమకూర్చవలసిన బాధ్యత గవర్నరు మీద ఉందని ఆ 243కె అధికరణంలోనే ఉంది. అడగవలసింది మీరు. నిధుల మాటకొస్తే, ఏటా జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవానికి జిల్లాల్లో పరుగు పందేలు, ముగ్గుల పోటీలు, ఫ్లెక్సీలు ఏ లోటూ లేకుండా జరుగుతున్నాయి. ఓటు విలువ చెప్పే ఫ్లెక్సీ కట్టడానికి దొరికిన డబ్బు, ఓటు ఏ వార్డులో ఉందో చెప్పే చాటింపుకు దొరకదా? తప్పెట కొట్టేవాడి కూలి ఒక ఫ్లెక్సీ ఖరీదంత కూడా కాదు.

కమిషనర్ గారూ, ఎన్నికల నోటిఫికేషన్ ఇంకా వెలువడలేదు. దిద్దుకోవడానికి వేళ దాటిపోలేదు. మా మండలం తుది జాబితాను ఆపి, ముసాయిదాను మళ్లీ ప్రచురించండి. అభ్యంతరాలకు 15 రోజులకు తగ్గకుండా గడువివ్వండి. జాబితాను పంచాయతీ ఆఫీసు బయటి గోడకు, బడి దగ్గర, రేషన్ షాపు దగ్గర అంటించి, అంటించిన తేదీతో ఫొటో తీయించి ఫైల్లో పెట్టించండి. సభను సాయంత్రం పూట, పనులకు వెళ్లినవాళ్లు ఇళ్లకు చేరాక పెట్టించండి. వార్డు గీత మారిన ప్రతి ఇంటికీ కారణం రాసిన చీటీ చేరేలా చూడండి. ఇవేవీ కొత్త చట్టాలు అడగవు, మంత్రివర్గ ఆమోదం అడగవు. మీ సంతకం ఒక్కటి చాలు. మీరు పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదో హైకోర్టులో చెప్పవలసి వస్తుంది. ఆ అవసరం రాకూడదనే నా కోరిక.

ఈ ఉత్తరానికి జవాబు నాకు పోస్టులో పంపనక్కర్లేదు. సభ ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటలకో ప్రతి ఊళ్లో తప్పెట కొట్టించి చెప్పించండి. మా అందరికీ ఒకేసారి జవాబు అందుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక రిటైర్డ్ పంతులు, ఓటరు