కారే కుళాయి కట్టేశాను!



ఈ వారం వంట లేదు, పచ్చడి లేదు. మంచు సంగతి రాస్తున్నాను. "నూజివీడులో కూర్చుని మంచు గోలేమిటమ్మా?" అని నవ్వకండి. మామిడి తోటలున్న వాళ్ళకు మంచంటే భయం లేకపోలేదు. చెట్లు పూత మీద ఉండగా పొగమంచు పట్టిందంటే చాలు, బూడిద తెగులనీ, తేనెమంచు పురుగనీ మావారికి కంటి మీద కునుకుండదు. అయితే నేను చెప్పబోయేది ఆ మంచు కాదు. రాయిలా గడ్డకట్టి నీళ్ళ పైపునే చీల్చేసే మంచు.

మన వీధుల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు ఎన్ని లేవు! పురుళ్ళు పోయడానికి వెళ్ళేది మనమే. పొడులు, పచ్చళ్ళు, పాపకు పాత మెత్తటి చీరలు అన్నీ గుర్తు పెట్టుకుని సర్దుకుంటాం. ఈ ఒక్క ముక్క మాత్రం నాకెవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

2023 డిసెంబరులో మా అమ్మాయి పురిటికి చికాగో దగ్గర అరోరా అనే ఊరు వెళ్ళాను. మన వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరే. జనవరి మధ్యకు వచ్చేసరికి చలి సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోయింది. మనవరాలు పుట్టి అప్పటికి పదిహేను రోజులు.

ఒక రాత్రి పాలసీసా కడుగుదామని లేచాను. వంటింట్లో కుళాయి సన్నగా దారంలా కారుతోంది. వేసవిలో బోరు అడుగంటితే బిందె నీళ్ళు దాచుకుని దాచుకుని వాడుకునే వాళ్ళం మనం. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఈ కాలం పిల్లలకు నీళ్ళ విలువ ఏం తెలుసు!" అనుకుని కుళాయి గట్టిగా కట్టేసి, పెద్ద ఘనకార్యం చేసినట్టు వెళ్ళి పడుకున్నాను.

తెల్లారి పాపకు నీళ్ళు పోద్దామని తిప్పితే చుక్క రాలేదు. అల్లుడుగారు అప్పటికే ఆఫీసుకు వెళ్ళిపోయారు. అమ్మాయి లేచి వచ్చి, "అమ్మా, రాత్రి కుళాయి నువ్వు కట్టేశావా?" అంది. "నేనే కట్టేశాను, వృథాగా పోతుంటేనూ" అన్నాను, ఇంకా గొప్పగానే. దాని ముఖం పాలిపోయింది.

వంటింటికి సరిగ్గా కింద నేలమాళిగలో, బయటి గోడ పక్కగా పోయే పైపులో నీళ్ళు గడ్డకట్టాయి. పచ్చి బాలింత, కిందికి దిగి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో పైపుకు వేడిగాలి పట్టింది. గంట సేపటికి మంచు కరిగింది. కరగగానే బుస్సుమని నీళ్ళు చిమ్మాయి. పైపు అప్పటికే చీలి ఉంది! చేతిలోది ఆపి పక్కన పడేసి, "అమ్మా, మెయిన్ వాల్వు!" అని అరిచింది. ఆ వాల్వు ఎక్కడుందంటారు? నేను మోసుకెళ్ళిన ఆవకాయ, మాగాయ సీసాల అట్టపెట్టెల వెనకాల! ఒక్కొక్కటీ లాగి, వాల్వు దొరికించుకుని తిప్పేసరికి మడమలు మునిగే నీళ్ళు. పైన పాప ఏడుపు, కింద అమ్మాయి ఐసు నీళ్ళలో తడిసి వణుకుతూ నిలబడింది. ఆ సాయంత్రమే దానికి జ్వరం తగిలింది.

అల్లుడుగారు వచ్చి ఒక్క మాట కూడా అనలేదు. "పరవాలేదు అత్తయ్యగారూ" అన్నారు. అంటే బాగుండును అనిపించింది.

ఎందుకు చీలిందో ఆ తర్వాత నిదానంగా చెప్పారు. డీప్ ఫ్రీజులో నిండా నీళ్ళు పోసి మూత బిగించిన సీసా పెడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా. నీళ్ళు గడ్డకడితే పెరుగుతాయి. 100 చెంబుల నీళ్ళు గడ్డకడితే సుమారు 109 చెంబుల చోటు కావాలి. పైపులో మంచు గడ్డ బిరడాలా అడ్డుపడి, ఇటు కుళాయి బిగించి ఉంటే మధ్యలో చిక్కుకున్న నీళ్ళకు పోయే దారి ఉండదు. గడ్డ పెరిగేకొద్దీ ఒత్తిడి పెరిగి పైపు చీలుతుంది. కుళాయి కాస్త కారుతుంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది, కదిలే నీరు త్వరగా గడ్డకట్టదు కూడా. నేను వృథా అనుకున్న ఆ దారమంత ధారే ఇంటిని కాపాడుతోంది!

రాత్రంతా కుళాయి వదలడం ఎప్పుడూ కుదరదు గనక, 2024 అక్టోబరులో అల్లుడుగారు ఆ పైపుకు వేడి తీగ వేయించారు. సెల్ఫ్ రెగ్యులేటింగ్ హీటింగ్ కేబుల్ అంటారు. అంటే తన వేడిని తానే చూసుకునే తీగ. మన ఇస్త్రీ పెట్టెకు వేడి చాలగానే ఆపే మీట ఒకటే ఉంటుంది. ఈ తీగకు ఒక్కచోట కాదు, ఒళ్ళంతా ఆ తెలివే.

తీగ లోపల రెండు రాగి తీగలుంటాయి. వాటి మధ్య బొగ్గులాంటి కార్బన్ పొడి కలిపిన నల్లటి ప్లాస్టిక్ ఉంటుంది. చలి రాత్రి పిల్లలు ఎలా పడుకుంటారు? ఒకరికొకరు దగ్గరకు జరిగి ముడుచుకుంటారు. ఉక్కపోస్తే దూరంగా దొర్లిపోతారు. ఇదీ అంతే. చలికి ఆ ప్లాస్టిక్ ముడుచుకుంటుంది, కార్బన్ రేణువులు ఒకదాన్నొకటి తాకుతాయి, కరెంటు ఎక్కువ పారుతుంది, వేడి పుడుతుంది. వెచ్చబడితే ప్లాస్టిక్ ఉబ్బి రేణువులు విడిపోతాయి, కరెంటు తగ్గుతుంది. చలి తగిలే మూల దగ్గర ఎక్కువ, వెచ్చటి చోట తక్కువ, ఎక్కడికక్కడ చూసుకుంటుంది. పైపు పొడుగునా ఈ తీగను ఆనించి, పట్టీలతో అంటించి, పైన మెత్తటి తొడుగు కప్పుతారు. అయితే పూర్తిగా ఆగిపోదు, కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. చలి లేనప్పుడు ఆపేసే థర్మోస్టాట్ పెట్టుకోవడం మంచిది.

ఇక చూరు సంగతి. అక్కడ చూరు నుంచి మూరెడేసి మంచు ఊడలు వేలాడుతుంటే అందంగా ఉన్నాయని ఫొటోలు తీసి మావారికి పంపాను. నాలుగో రోజున పడకగది సీలింగు మీద కాఫీ రంగు మరక! ఇంట్లో వేడి సీలింగు దాటి అటకలోకి పోతుంది. దాంతో కప్పు మీది మంచు అడుగున కరుగుతుంది. ఆ నీళ్ళు జారి జారి చల్లటి చూరు అంచుకు వచ్చి మళ్ళీ గడ్డకడతాయి. అలా గట్టు కట్టుకుపోతుంది. మన పొలం గట్టు కట్టితే నీళ్ళు మడిలో నిలబడవూ? అలాగే పైనుంచి వచ్చే నీళ్ళు గట్టు వెనకాల నిలిచి, కప్పు పెంకుల కిందుగా ఇంట్లోకి దిగుతాయి. అందమైన ఊడలంటే రోగానికి గుర్తన్నమాట.

దీనికి మొదటి మందు వేడి తీగ కాదు. అటకలోకి వేడి పోకుండా సందులు మూసి, మందంగా దూదిలాంటి పరుపు పరిపించడం. అది చేయించాక కూడా గట్టు కడుతుంటే అప్పుడు తీగ. దాన్ని చూరు అంచున ముగ్గులో మెలికలు వేసినట్టు పైకీ కిందికీ పరిచి, వాననీళ్ళ దోనెలోంచి, కిందికి దిగే గొట్టం చివరిదాకా దించుతారు. మధ్యలో ఆపితే నీళ్ళు అక్కడే గడ్డకడతాయి. కప్పు మీది మంచంతా కరిగించడం దాని పని కాదు. కరిగిన నీళ్ళు పోవడానికి దారి ఉంచడం, అంతే.

కరెంటు లెక్క కూడా అడిగాను, గృహిణిని కదా! అడుగుకు 5 వాట్ల చొప్పున 60 అడుగులైతే 300 వాట్లు. ఇరవైనాలుగు గంటలూ వెలిగితే 7 యూనిట్లు దాటుతుంది. అందుకే మంచు పడి ఉన్న రోజుల్లోనే వేసుకోవాలి.

"మా పిల్లలు డాలస్‌లో ఉన్నారు, అక్కడ మన ఎండలే" అంటారేమో. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, అన్నీ మన తెలుగు వాళ్ళున్న ఊళ్ళే. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో చలి మైనస్ 19 డిగ్రీల దాకా పడింది. ఆ తుఫానులో టెక్సస్ రాష్ట్రంలో 45 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కలో 246 మంది చనిపోయారు. ఎండ దేశపు ఇళ్ళు గనక పైపులు చలికి తట్టుకునేలా వేసి ఉండవు, ఎన్నో ఇళ్ళల్లో చీలిపోయాయి. ఒకటి గమనించండి. కరెంటు పోతే ఈ వేడి తీగ కూడా ఉత్త తాడే! అప్పుడు ఆదుకునేది మెయిన్ వాల్వే. దాన్ని కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి, పైపులు ఖాళీ చేసుకోవాలి.

చలికాలంలో వెళ్ళే తల్లులూ, ఇవి గుర్తుంచుకోండి:

1. వెళ్ళిన రోజే మెయిన్ వాల్వు ఎక్కడుందో చూపించమనండి. ఒకసారి మీ చేత్తో తిప్పి చూడండి. దాని ముందు సామాను పెట్టనివ్వకండి, ఆవకాయ అయినా సరే.

2. కడు చలి రాత్రి బయటి గోడకున్న కుళాయిలు సన్నగా వదలాలి. సింకు కింది అలమర తలుపులు తెరిచి ఉంచితే గదిలోని వెచ్చదనం పైపుకు తగులుతుంది.

3. గడ్డకట్టిన పైపుకు మంట చూపించకండి. కుళాయి తెరిచి, కుళాయి వైపు నుంచి మెల్లగా వేడిగాలి పట్టాలి. కింద తడి ఉంటే కరెంటు వస్తువు ముట్టుకోవద్దు.

4. వేడి తీగ కంటికి కనిపించే పైపుకే వేయించాలి. ప్లాస్టిక్ పైపుకు పనికొచ్చే రకమో కాదో అడగాలి. ప్లగ్గు పెట్టేది షాకు కొట్టబోతే తనంతట ఆగిపోయే సాకెట్ కావాలి. ఎక్స్‌టెన్షన్ తీగలతో అతుకులు వద్దు.

5. చూరు మంచును సుత్తితో కొట్టకండి, ఊడల కింద నిలబడకండి. మంచులో నిచ్చెన ఎక్కే పని అల్లుళ్ళను కూడా చేయనివ్వకండి.

6. ఈ పనులన్నీ మంచు పడకముందే, మనకు కార్తీక దీపాలు పెట్టే రోజుల్లోపే చేయించాలి. పాత తీగ ఉంటే ఎక్కడైనా తెగిందేమో చూసి, వేడెక్కుతోందో లేదో పరీక్షించుకోవాలి.

ఈ చలికాలం మా వియ్యపురాలుగారు అక్కడికి వెళుతున్నారు. ఆవిడదీ బోరు నీళ్ళ ఊరే, చేతిలో చుక్క వృథా పోనివ్వరు. మొన్న ఫోన్ చేసి, "వదినగారూ, కారే కుళాయి కనిపిస్తే కట్టేయకండి" అన్నాను. "అదేమిటి వదినగారూ?" అన్నారు. జరిగిందంతా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "పైపు పగిలిందని మాకు చెప్పారు గానీ, ఈ సంగతి మా వాడూ చెప్పలేదు, అమ్మాయీ చెప్పలేదే!" అన్నారు.

ఇన్నాళ్ళూ ఇద్దరూ నా పరువు కాచారన్నమాట. అదేదో మీ అందరికీ కూడా నా నోటితోనే చెప్పేస్తే సరిపోతుందని రాసేశాను.

వచ్చేవారం ఉసిరికాయ పచ్చడి, నల్లబడకుండా ఎలా పెట్టాలో చెబుతాను. ఉంటాను మరి.