తార్నాకలో ఇరుకు – మన ఊరి బడిలో ఖాళీ

రెండింటికీ మూలం ఒక్కటే

(మా గ్రామీణ విలేఖరి)

భువనగిరి: హైదరాబాదులోని తార్నాక చౌరస్తాలో ఉదయం ఎనిమిది గంటలకే వాహనాలు బారులు తీరి నిలిచిపోవడానికి, మన పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలలు ఖాళీ కావడానికి సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. సంబంధం ఉన్నది. అక్కడ బడి సంచులతో కిక్కిరిసిన బస్సులు, ఆటోలు. ఇక్కడ పిల్లలు లేక తాళం పడిన గదులు. మంచి చదువు, మంచి వైద్యం, నాలుగు కొలువులు కొద్దిచోట్లనే పోగుపడినందున జనం అటే కదులుతున్నారు. ఆ కదలిక తగ్గనంతకాలం నగరంలో ఎన్ని వంతెనలు కట్టినా రద్దీ తీరదు, పల్లెలో ఎన్ని గదులు కట్టినా బడి నిండదు.

మన జిల్లావారికి తార్నాక కొత్త ప్రదేశం కాదు. భువనగిరి, బీబీనగర్, ఆలేరు, మోత్కూరు ప్రాంతాల నుంచి రోడ్డు మార్గాన సికింద్రాబాదు పోయేవారిలో ఎక్కువమంది ఉప్పల్, హబ్సిగూడ దాటి తార్నాక మీదుగానే పోతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిన పిల్లవాడు దిగేది అక్కడే. ఆర్టీసీ కార్మికుడు ఆసుపత్రికి వెళ్ళేదీ అక్కడికే. కాబట్టి ఆ చౌరస్తా కష్టం నగరవాసులది మాత్రమే అనుకోవడానికి వీలు లేదు.

ఇరుకు తాళలేకనే అక్కడికి పోయింది

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో నగరం నడిబొడ్డున గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాలలో ప్రారంభమైంది. విద్యార్థులు పెరిగేకొద్దీ ఆ భవనాలు చాలలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం నగరానికి దూరంగా అడిక్‌మెట్ వద్ద వేయి ఎకరాలకు పైగా భూమిని కేటాయించింది. అక్కడ కట్టిన ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939 డిసెంబరు 4న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. విశ్వవిద్యాలయ ప్రాంగణం పక్కనే రాళ్ళు కొట్టే వడ్డెర కుటుంబాలు స్థిరపడిన మాణికేశ్వర్‌నగర్‌ను నేటికీ వడ్డెర బస్తీ అనే పిలుస్తారు.

ఆనాటి తార్నాక తోటల ప్రాంతం. 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చౌకీ. మామిడి తోట చుట్టూ తీగ కంచె, దాని ముందు కాపలా ఉన్నందున ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. చదువుకు ప్రశాంతత కావాలని విద్యాలయాన్ని ఊరి బయటికి తీసుకుపోతే, కొన్ని దశాబ్దాలలో ఊరే దాని చుట్టూ పెరిగింది.

పెరిగిన తీరుకు జనాభా లెక్కలే సాక్ష్యం. 1951లో సుమారు 11 లక్షలు ఉన్న నగర జనాభా 1981 నాటికి 25 లక్షలు అయింది. 2011 లెక్కల్లో అది 68 లక్షలకు చేరింది. 2007లో ఉప్పల్, కాప్రా, మల్కాజ్‌గిరి సహా 12 మునిసిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌ను ఏర్పాటు చేశారు. 2025 చివరలో ఔటర్ రింగు రోడ్డు వరకు ఉన్న మునిసిపాలిటీలను కూడా అందులో చేర్చారు. అంటే నగరం మన జిల్లా గడప వరకు వచ్చినట్లే.

ఒకే దారిన అన్ని సంస్థలు

విశ్వవిద్యాలయం ఒక్కటే అయితే దారి ఇంత ఇరుకయ్యేది కాదు. 1944లో మొదలైన పరిశోధనశాల పెరిగి నేటి భారత రసాయన సాంకేతిక సంస్థ అయింది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. అదే ఏడాది ఆంగ్ల భాషా బోధనా సంస్థ విశ్వవిద్యాలయం పక్కనే వెలిసింది. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ, 1977లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం వచ్చాయి. ఇవన్నీ తార్నాక నుంచి ఉప్పల్ వరకు సుమారు ఐదు కిలోమీటర్ల లోపునే ఉన్నాయి.

దేశానికి ఇవి గర్వకారణమైన సంస్థలు. అందులో సందేహం లేదు. అయితే ఉద్యోగి ఉన్నచోట ఇల్లు, ఇల్లు ఉన్నచోట బడి, బడి ఉన్నచోట దుకాణం వెలుస్తాయి. ఆ దుకాణంలో పనికి పల్లె నుంచి మరొక కుటుంబం వలస వస్తుంది. ఆ కుటుంబంలోని పిల్లవాడికీ బడి కావాలి. ఈ విధంగా ఒక సంస్థ వెంట వంద కుటుంబాలు కదలివస్తాయి. సంస్థలను కట్టినప్పుడు ఈ వెనుక వచ్చే జనానికి ఎన్ని బడులు, ఎంత దారి కావాలో లెక్క వేసినట్లు కనబడదు.

వంతెన వచ్చినా తీరని కష్టం

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. తార్నాకలో పైవంతెన కట్టారు. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు వచ్చాయి. సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా పోయే రైలు విశ్వవిద్యాలయం పక్కనే జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లలో ఆగుతుంది. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట వరకు మెట్రో రైలు ప్రారంభమై తార్నాకకు స్టేషన్ వచ్చింది. చౌరస్తాను కొన్నేళ్ళపాటు మూసి వాహనాలను ముందుకు పోయి మళ్ళి రమ్మన్నారు. 2025లో తిరిగి తెరిచి చూశారు. మన జిల్లావారు నిత్యం ప్రయాణించే ఉప్పల్–నారపల్లి దారిలో 2018లో మొదలైన ఎత్తైన రహదారి పనులు ఏళ్ళ తరబడి సాగి, ఆ దుమ్ములో, గుంతలలో ప్రయాణికులు పడిన ఇక్కట్లు అందరికీ తెలిసినవే.

ఒకచోట వంతెన కడితే రద్దీ మరొక చౌరస్తాకు జరుగుతున్నది. మరోవైపు సామాన్యుని వాహనమైన ఆర్టీసీ బస్సు మాత్రం తగ్గింది. 2019 సమ్మె తరువాత నగరంలో సుమారు వేయి బస్సులను తగ్గించారు. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది పేద కుటుంబాలకు మేలు చేసింది, దానితో బస్సు ఎక్కేవారూ పెరిగారు. బస్సు దొరకనివాడు మోటారు సైకిలు కొంటాడు. నలభైమంది ఒక బస్సులో పోయే చోట నలభై మోటారు సైకిళ్ళు పోతే దారి ఎంత ఆక్రమిస్తుందో ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

ప్రధాన రోడ్డు నిండిపోయినప్పుడు వాహనాలు విశ్వవిద్యాలయం లోపలి దారిని పట్టుకుంటున్నాయి. తార్నాక నుంచి విద్యానగర్, అడిక్‌మెట్, అంబర్‌పేట వైపు పోయేవారికి అది దగ్గరి దారి. చదువుకునే పిల్లలు నడిచే బాట ఊరందరికీ అడ్డదారి అయింది. బయటి వాహనాలను కట్టడి చేయాలని విద్యార్థులు, అధ్యాపకులు కోరుతున్నారు. దారి మూస్తే మేము ఎటు పోవాలని చుట్టుపక్కల కాలనీలవారు అడుగుతున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది.

బడి గంటను నిర్ణయించే ట్రాఫిక్

ఉదయపు రద్దీలో బడి వాహనాల పాలు తక్కువేమీ కాదు. బడులకు సెలవులు ఇచ్చిన రోజుల్లో ఇదే రోడ్డు ఎంత తేలికగా ఉంటుందో నిత్యం ప్రయాణించేవారికి అనుభవమే. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత పాఠశాలల ప్రారంభ వేళను 9.30 నుంచి 9 గంటలకు మార్చింది. జంట నగరాలను మాత్రం మినహాయించింది. ట్రాఫిక్ దృష్ట్యా అక్కడ అప్పటికే 8.45కు బడి మొదలవుతున్నది. పిల్లవాని నిద్ర, అన్నం వేళలను ఉపాధ్యాయుడు కాక, చౌరస్తాలోని ఎర్రదీపం నిర్ణయించే పరిస్థితి ఏర్పడింది.

ఇందుకు కారణం బడికి, ఇంటికి మధ్య పెరిగిన దూరం. ఉప్పల్, బోడుప్పల్ పిల్లలు తార్నాక వైపు, తార్నాక పిల్లలు ఉప్పల్ వైపు పోతూ దారిలో ఎదురుపడుతున్నారు. ప్రాథమిక పాఠశాల ఇంటికి కిలోమీటరు లోపు ఉండాలన్నది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ఆశయం. నగరంలో బస్తీ బడిని పట్టించుకోలేదు. ఒకే భవనంలో రెండు, మూడు ప్రభుత్వ పాఠశాలలు సర్దుకున్న చోట్లు, అద్దె ఇళ్ళలో నడిచే బడులు రాజధానిలోనే ఉన్నాయి. ప్రాథమిక తరగతులలో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని చట్టం చెబుతుండగా, పేరున్న ప్రైవేటు బడుల్లో గదికి అంతకు మించి కూర్చోబెట్టడం మామూలైపోయింది. ఆటస్థలం లేని మేడ మీద బడి నేడు వింత కాదు.

ఈ దూరానికి చెల్లించే మూల్యం డబ్బు రూపంలోనే ఉండదు. 2024 నవంబరులో హబ్సిగూడ వద్ద జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆటోలో బడికి సంబంధించిన ప్రయాణంలో ఉన్న ఒక విద్యార్థిని ప్రాణాలు కోల్పోయింది.

పల్లెలకూ వచ్చిన పసుపు బస్సు

ఈ జబ్బు నగరంతో ఆగలేదు. తెల్లవారేసరికి మన ఊళ్ళ రచ్చబండ దగ్గర కూడా పసుపు రంగు బస్సు హారన్ మోగుతున్నది. ఊరి బడిని దాటుకుంటూనే అది పిల్లలను పట్నానికి తీసుకుపోతున్నది. మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద 2014 జూలై 24న కాపలా లేని రైల్వే గేటులో అటువంటి బడి బస్సునే రైలు ఢీకొని పద్నాలుగు మందికి పైగా పసిపిల్లలు మరణించారు. వారంతా పల్లెల నుంచి పట్నం బడికి బయలుదేరిన పిల్లలే.

కేంద్ర విద్యాశాఖ 2024–25 లెక్కల ప్రకారం ఒక్క విద్యార్థి కూడా నమోదు కాని పాఠశాలలు మన రాష్ట్రంలో 2,245 ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ తరువాత దేశంలో ఇదే ఎక్కువ. ఒకే ఉపాధ్యాయుడు ఉన్న బడులు దేశం మొత్తం మీద లక్షకు పైగా ఉన్నాయి.

తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. ఇంగ్లీషు మీడియం లేదన్న కొరత 2022–23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు తీరింది. 2022 మార్చిలో ప్రారంభించిన 'మన ఊరు – మన బడి'తో కొన్నిచోట్ల గదులు, మరుగుదొడ్లు బాగుపడ్డాయి. అయినా పిల్లలు రాకపోవడానికి రెండు కారణాలు ముఖ్యంగా కనబడుతున్నాయి.

మొదటిది వయసు. ప్రైవేటు బడి మూడేళ్ళకే నర్సరీలో చేర్చుకుంటుంది. ప్రభుత్వ బడి తలుపు తెరిచేది ఒకటో తరగతికి. అప్పటికి పిల్లవాడు రెండు, మూడేళ్ళుగా బస్సుకు అలవాటు పడి ఉంటాడు. తిరిగి వచ్చేవారు అరుదు. 2025–26లో కొన్ని ప్రభుత్వ బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. ఇవి ప్రతి ఊరికీ రావలసి ఉన్నది.

రెండవది పంతుళ్ళ కొరత. పిల్లలు తగ్గారని ఉపాధ్యాయుణ్ణి మరొక ఊరికి పంపుతారు. ఐదు తరగతులకు ఒక్కడే మిగులుతాడు. ఆయన సెలవు పెడితే బడికి సెలవే. అది చూసి మిగిలిన తల్లిదండ్రులూ పిల్లలను మాన్పిస్తారు. అప్పుడు పిల్లలు లేరని బడినే మూస్తారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. నిజానికి విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు ఉన్న ప్రాథమిక పాఠశాలకు సైతం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి.

పై చదువులదీ ఇదే కథ. ఉస్మానియా మీద భారం తగ్గాలని 1976లో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం, 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పెట్టారు. ఉద్దేశం మంచిదే. కాని అధ్యాపక పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటే విద్యార్థి దగ్గరి విశ్వవిద్యాలయాన్ని నమ్మడు. మళ్ళీ తార్నాక బస్సే ఎక్కుతాడు. అక్కడ హాస్టలులో ఇద్దరి గదిలో నలుగురు సర్దుకుని, పోటీ పరీక్షలకు చదువుతాడు.

చేయవలసినది

నగరంలో చేయవలసినది వేరు, పల్లెలో చేయవలసినది వేరు అనుకోవడం పొరపాటు. తార్నాకలో బస్తీ బడి బాగుపడితే అక్కడ వందల వాహనాలు తగ్గుతాయి. మన ఊళ్ళో బడి నిలబడితే ఉప్పల్ వైపు పోయే కుటుంబాలు కొన్ని ఆగుతాయి. ప్రైవేటు బడుల ఫీజుల నియంత్రణకు 2017లో ఉస్మానియా మాజీ ఉపకులపతి ఆచార్య తిరుపతిరావు అధ్యక్షతన కమిటీ వేశారు. 2024లో విద్యా కమిషన్ ఏర్పడింది. నివేదికలకు కొరత లేదు, అమలు కావాలి.

ఘట్‌కేసర్ వరకు వచ్చిన ఎం.ఎం.టి.ఎస్. రైలును యాదాద్రి వరకు పొడిగించే మాట 2016 నుంచి వినబడుతున్నది. అది పూర్తయితే విద్యార్థి, రోగి, కూలి పొద్దున పోయి సాయంత్రం ఇంటికి చేరగలుగుతారు. నగరంలో అద్దె ఇల్లు వెతుక్కునే అవసరం తగ్గుతుంది. ఉన్నత పాఠశాల వేళలకు సరిపడే ఆర్టీసీ బస్సులు ప్రతి మండలంలో నడిపితే పసుపు బస్సుకు చెల్లించే సొమ్ము ఇంటికి మిగులుతుంది.

గ్రామస్థుల చేతిలోనూ కొంత పని ఉన్నది. జూన్‌లో బడి తెరిచేముందే గ్రామసభ పెట్టి, మూడేళ్ళు నిండిన పిల్లలు ఎందరు, ఎక్కడ చదువుతున్నారు, బస్సుకు ఎంత కడుతున్నారు అన్న లెక్క తీయాలి. ఇద్దరు ఉపాధ్యాయులను చట్టప్రకారం అడుగుతూ తీర్మానం చేసి మండల విద్యాధికారికి ఇవ్వాలి. ఒక్క ఇల్లు అడిగితే వినతిపత్రం అవుతుంది, ఊరంతా అడిగితే ప్రభుత్వం జవాబు చెప్పవలసి వస్తుంది. ఒకసారి తాళం పడిన బడిని తెరిపించడం ఎంత కష్టమో అనుభవించిన ఊళ్ళకు తెలుసు. తాళం పడకముందే ప్రజాప్రతినిధులు, విద్యాశాఖ అధికారులు మేలుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.