ఖాళీ సీసాకూ ఓ ధర

గోలీసోడా తాగి సీసాను రోడ్డు మీద పారేసిన మనిషిని ఎవరైనా చూశారా? చూసుండరు. ఖాళీ సీసా చేతికిస్తే తప్ప కొట్టువాడు కదలనిచ్చేవాడు కాదు. ఇంటికి తీసుకెళ్లాలంటే దానికి విడిగా డబ్బు కట్టాలి. సీసా తెచ్చిస్తే ఆ డబ్బు వాపసు. చట్టం లేదు, జరిమానా లేదు... అయినా సీసా ఎక్కడికీ పోయేది కాదు.

ప్లాస్టిక్ నీళ్ల బాటిల్‌కి ఆ విలువ లేదు. అందుకే నీళ్లు అయిపోయిన చోటే పడిపోతోంది. కడప జిల్లా మైలవరం జలాశయానికి ఎగువన గండికోట, దిగువన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. లోయ అందం చూడ్డానికి వచ్చినవాళ్లు పైన విసిరేసింది గాలికో వానకో పెన్నలోకి చేరుతుంది. వేసవిలో ప్రొద్దుటూరు దాహం తీరేది మైలవరం నుంచి ఆ నదిలోకి వదిలే నీళ్లతోనే!

మరి నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. స్ట్రాలు, కప్పులు, ప్లేట్లు, చెంచాలు ఆ జాబితాలో ఉన్నాయి. నీళ్ల బాటిల్ లేదు. రాష్ట్రంలోని పట్టణాల్లో 2021లో చెత్త సేకరణకు నెలనెలా రుసుం మొదలుపెట్టారు. జనం దానికి ‘చెత్త పన్ను’ అని పేరు పెట్టి విసుక్కున్నారు. దాన్ని రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న ప్రభుత్వం ప్రకటించింది. 2025 జనవరి 18న ‘స్వచ్ఛ ఆంధ్ర’ కార్యక్రమానికి ముఖ్యమంత్రి చంద్రబాబు ఇదే జిల్లాలోని మైదుకూరుకు వచ్చారు. ఊడ్చడం మంచిదే. ఊడ్చిన చోట మళ్లీ పడకూడదంటే?

ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో భాగమైన లిథువేనియా దీనికో దారి చూపింది. 2016 ఫిబ్రవరి నుంచి అక్కడ నీళ్ల బాటిలైనా, కూల్‌డ్రింకు డబ్బా అయినా కొనేటప్పుడు పది సెంట్లు అదనంగా ఇవ్వాలి. ఖాళీది దుకాణంలోని యంత్రంలో వేస్తే ఆ సొమ్ము తిరిగొస్తుంది. అంతకుముందు మూడు ప్లాస్టిక్ బాటిళ్లలో ఒకటే వెనక్కి వచ్చేది. రెండో ఏడాదికల్లా నూటికి తొంభైకి పైగా వచ్చాయి! పన్ను కడితే డబ్బు పోయినట్టే. ఇక్కడ బాటిల్ పారేసినవాడి డబ్బే పోతుంది.

అంత దూరం వెళ్లక్కర్లేదు. ప్లాస్టిక్ బాటిళ్లను నిషేధించిన తిరుమలలో నీళ్లు గాజు సీసాల్లో అమ్ముతున్నారు. సీసాకు కొంత డబ్బు అదనంగా తీసుకుని, తిరిగిస్తే వెనక్కి ఇస్తారు. తమిళనాడులోని నీలగిరి కొండల్లో 2022 నుంచి మద్యం సీసాకూ ఇదే పద్ధతి. పది రూపాయలు అదనం, ఖాళీ సీసా ఇస్తే పదీ వాపసు.

గండికోటలోనూ, మైలవరం కట్ట దగ్గరా ఇలాంటిది పెట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. బాటిల్ అమ్మిన కొట్టే ఖాళీది తీసుకుంటే చాలు. పది రూపాయలొస్తాయంటే, ఒకరు పారేసినా మరొకరు ఏరి తెస్తారు. పాత ఇనప సామానుకు బఠాణీలు కొనుక్కుని పెరిగిన మనకు, ఈ లెక్క ఒకరు నేర్పాలా?