ఎత్తు అదే, గేరే వేరు



పోయిన వారం హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాస్తే చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇన్‌బాక్సులో ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, రిజర్వేషన్ మాటెత్తగానే మా క్లాసులో మెరిట్, మెరిట్ అంటారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పు" అని. ఒక్క ముక్కలో చెప్పడం నాకూ చేతకాలేదు. కానీ ఈ వారం చింతూరు అవతల ఘాట్ రోడ్డు మీద సైకిల్ తొక్కుతుంటే ఆ జవాబు నా మోకాళ్ళకు దొరికింది. కొంచెం పొడుగు కథ. ఓపిగ్గా చదవండి.

ఆఫీసు పని మీద పది రోజులు భద్రాచలం వచ్చాను. ఏజెన్సీలో చదువుకునే పిల్లల వివరాలు రాసుకునే పని. ఇక్కడ సరిహద్దు సంగతి మీకు తెలుసు. భద్రాచలం టౌను దాటి ఎటపాక రాగానే ఆంధ్ర. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి తీసి అటు కలిపారు. మా పని రెండు వైపులా ఉంది కాబట్టి నాలుగు రోజులు చింతూరులో మకాం. శబరి ఒడ్డు. పొద్దున్నే పొగమంచు. పని పదింటికి గానీ మొదలవదు.

నాతో హైదరాబాద్ నుంచి వచ్చిన కొలీగ్ ఒకతను. మంచోడే. నా అన్నం ప్లేటులో చెయ్యి పెట్టి తినే చనువున్నోడు. ఆఫీసు జీపు వెనక తన సైకిల్ కట్టుకొని వచ్చాడు. ఇరవై ఒక్క గేర్ల సైకిల్. తులసిపాక దాటాక మారేడుమిల్లి వైపు ఘాట్ మొదలవుతుంది, ఆ ఎత్తు ఎక్కాలని అతని సరదా. "నువ్వూ రా" అన్నాడు. నేను ఊళ్ళో సైకిల్ షాపులో ఒక నల్ల సైకిల్ అద్దెకు తీసుకున్నా. గేర్లు లేవు. వెనక క్యారియర్, పక్కన స్టాండు. మా నాయిన తొక్కిన బాపతు సైకిల్.

ఘాట్ మొదలు దాకా సైకిళ్ళు జీపులో వేసుకుపోయాం. మొదటి మలుపు తొక్కాను. రెండో మలుపులో సీటు మీద కూర్చోవడం కుదరలేదు, లేచి నిలబడి తొక్కాను. మూడో మలుపుకి సైకిల్ ఆగిపోయినంత పని అయింది. హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతోంది. మోకాలి చిప్ప కింద కత్తి పెట్టినట్టు నొప్పి. బుద్ధున్నోడెవడైనా దిగుతాడు. నేను దిగలేదు.

ఎందుకు దిగలేదో చెప్పాలి.

మాది ఖమ్మం మైదానంలో ఊరు. మా నాయిన పాలేరు. నా చిన్నప్పుడు ఒక పాత సైకిల్ కొన్నాడు. మా పల్లె నుంచి రోడ్డెక్కాలంటే పెద్దిళ్ళ బజారు దాటాలి. నాయిన ఆ బజారు మొదట్లో సైకిల్ దిగేవాడు. చెప్పులు విడిచి హ్యాండిల్‌కి తగిలించేవాడు. నడిపించుకుంటూ పోయి, బజారు చివర మళ్ళీ ఎక్కేవాడు. నేను ముందు రాడ్డు మీద కూర్చొని ఉంటే నన్నూ దింపేవాడు. "ఎందుకు నాయినా దిగుడు?" అని ఒకసారి అడిగా. "ఎత్తు రా" అన్నాడు. ఆ బజారు బల్లలా చదునుగా ఉంటుంది. ఒక్క అడుగు కూడా ఎత్తు లేదు.

మన ఇళ్ళల్లో ఈ కథ లేని ఇల్లు తక్కువ. మీ తాతని అడగండి. 1983లో మాన్యవర్ కాన్షీరాం డీఎస్-4 జెండా కింద జనాన్ని సైకిళ్ళ మీద రాష్ట్రాలు తిప్పారంటే డబ్బులు లేకనే అనుకోకండి. దిగమన్న చోట దిగకుండా పోవడం కూడా ఒక రాజకీయమే.

కాబట్టి ఆ మూడో మలుపులో నేను దిగలేదు. దిగితే నాయిన దిగినట్టే అనిపించింది. చివరికి చైన్ పడిపోయి సైకిలే నన్ను దింపింది. గట్టు మీద కూర్చున్నా.

అప్పుడు కింద నుంచి ఒక కోయ పెద్దాయన వచ్చాడు. క్యారియర్ మీద బియ్యం మూట. మలుపు మొదట్లోనే తాపీగా దిగి సైకిల్ నెట్టుకుంటూ నా దాకా వచ్చాడు. నా చైన్ తనే ఎక్కించాడు. "తాతా, ఇట్టా దిగి నడుస్తుంటే కష్టం కాదా?" అన్నా. నా వైపు వింతగా చూశాడు. "బరువుంటే దిగుతాం సారూ. బరువు లేనోడు తొక్కుతాడు" అన్నాడు. నెట్టుకుంటూ పోయాడు. అందులో ఆయనకు సిగ్గు లేదు, గొప్పా లేదు. ఆయన్ని కొండ దింపింది. మా నాయిన్ని మనుషులు దింపారు. ఈ రెండు దిగడాలనూ ఒకటి చేసుకొని నేను నా మోకాలు పోగొట్టుకోబోయాను.

పైన వ్యూ పాయింట్ దగ్గర కొలీగ్ అప్పటికే టీ తాగుతున్నాడు. "ప్రాక్టీస్ చేయాలి బ్రో, స్టామినా లేదు నీకు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి అన్నం దగ్గర మాట రిజర్వేషన్ల మీదికి పోయింది. "ఇంకా ఎన్ని తరాలు? ఎవడి టాలెంట్ మీద వాడు పైకి రావాలి కదా" అన్నాడు. మీ క్లాసులో మీకు వినపడే మాటే. నేను వాదించలేదు. "రేపు సైకిళ్ళు మార్చుకుందామా?" అన్నా.

మరునాడు అదే ఘాట్. అతను నల్ల సైకిల్, నేను గేర్ల సైకిల్. రెండో మలుపు దాటలేదు, దిగాడు. నేను దిగలేదు. నాకు ఒక్క రాత్రిలో స్టామినా వచ్చిందా? అతనికి ఒక్క రాత్రిలో పోయిందా?

ఇక్కడ లెక్క చెప్తా. సైన్సు పిల్లలు సరిచూసుకోండి. మామూలు నల్ల సైకిల్‌కి ముందు పళ్ళ చక్రంలో 44 పళ్ళు, వెనక 18 పళ్ళు అనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చదును రోడ్డు మీద హాయి. ఎత్తులో అదే శాపం. గేర్ల సైకిల్‌లో కొండకి పనికొచ్చే గేరు ముందు 22, వెనక 34. పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ముప్పాతిక చుట్టు కూడా తిరగదు. తొక్కే బలం దాదాపు నాలుగో వంతు చాలు. కానీ అంతే దూరం పోవడానికి దాదాపు నాలుగు రెట్లు చుట్లు తొక్కాలి.

మరి గేరు కొండని తగ్గించిందా? లేదు. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు అనుకుంటే, 100 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే సుమారు 83 వేల జౌళ్ళ పని. నల్ల సైకిల్ అయినా అంతే, ఇరవై ఒక్క గేర్లైనా అంతే. గేరు పనిని ఒక్క జౌలు కూడా తగ్గించదు. మనిషి కాలు మోయగలిగిన ముక్కలుగా ఆ పనిని పంచుతుంది, అంతే. ఎక్కాల్సింది మొత్తం మనిషే ఎక్కుతాడు.

రిజర్వేషన్ అంటే ఇదే తమ్ముళ్ళూ. మెడిసిన్‌లో సీటు దగ్గర కటాఫ్ వేరుగా ఉంటుంది. లోపలికి పోయాక అనాటమీ పరీక్షలో పాస్ మార్కు అందరికీ ఒకటే. ఎస్సీ పిల్లకు శరీరంలో ఎముకలు తగ్గించి చెప్పరు. కొండ మొత్తం ఎక్కాకే డాక్టర్ అవుతుంది. పైగా ఆ పిల్ల క్యారియర్ మీద బియ్యం మూట ఉంటుంది. ఇంటికి పంపాల్సిన డబ్బులు, చెల్లి ఫీజు, నాయిన మందులు. పెద్దాయన చెప్పిన బరువు అదే.

అసలు ఘాట్ రోడ్డే ఒక గేరు. కొండని నిట్టనిలువుగా ఎక్కలేం కాబట్టే రోడ్డును మలుపులు మలుపులుగా తిప్పి, పొడుగు పెంచి, వాలు తగ్గించారు. కొండల్లో మామూలుగా 20 అడుగుల రోడ్డుకు ఒక అడుగు ఎత్తు దాటకుండా చూస్తారు ఇంజనీర్లు. ఆ మలుపుల మీదుగా పైకొచ్చిన లారీని చూసి "నీకు మెరిట్ లేదు, నిటారుగా ఎక్కు" అని ఎవరైనా అంటారా? ఈ మన్యంలో అలాంటి దారుల కోసం చెమట ధారపోసిందెవరు? నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆదివాసులతో చాలీచాలని కూలికి గొడ్డు చాకిరీ చేయించాడు. ఆ కడుపుమంటే అల్లూరి వెంట నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. దారి వేసినోడు నడిచి ఎక్కుతున్నాడు, ఆ దారి మీద జీపులో పోయేవాడు మెరిట్ గురించి మాట్లాడుతున్నాడు.

ఇంకో సంగతి. చర్ల మండలం ఇక్కడికి దగ్గరే. ఆ మండలం నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే దళిత పిల్లవాడు, నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి మాలావత్ పూర్ణ అనే గిరిజన పిల్ల 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆనంద్ నాన్న సైకిల్ మెకానిక్. భువనగిరి గుట్ట మీద శిక్షణ, తర్వాత డార్జిలింగ్, తర్వాత ఎవరెస్ట్. ఆ శిక్షణే గేరు. అది లేకపోతే ఆ పిల్లవాడి కాళ్ళలో ఆ బలం ఉందని లోకానికి ఎప్పటికీ తెలిసేది కాదు. 1953లో మొదటిసారి ఎవరెస్ట్ ఎక్కిన టెన్సింగ్, హిల్లరీ కూడా ఆక్సిజన్ సిలిండర్లు వీపుకు కట్టుకునే ఎక్కారు. దాన్ని కోటా అని ఎవరూ అనలేదు. చరిత్ర అన్నారు.

మనకిచ్చే గేరులో మోసం కూడా ఉంది, అది చూడాలి. సగం కొండ ఎక్కాక చైన్ తెంచుతారు. సీటు ఇస్తారు, స్కాలర్‌షిప్ నెలలకు నెలలు ఆపుతారు. రోహిత్ వేముల చనిపోయేనాటికి అతనికి రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ రాలేదు. చైన్ లేని సైకిల్ ఇచ్చి "గేర్లున్నా ఎక్కలేకపోయారు" అని మన మీదే నవ్వుతారు. కాబట్టి సీటు కోసం చేసినంత గట్టిగా స్కాలర్‌షిప్ బకాయిల కోసం ధర్నా చేయండి. రెండూ ఒకే పోరాటం.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. కొందరికి నచ్చదు, తెలుసు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని చెప్పినప్పుడు మనలోనే కొందరు "మెరిట్ ఉంటే వాళ్ళూ రావాలి కదా" అన్నారు. నా కొలీగ్ అన్నం దగ్గర అన్న మాటే ఇది! మన నోట్లోకి ఎట్లా వచ్చింది? నాకంటే కింది మలుపులో, నాకంటే బరువైన మూటతో ఉన్న అన్నని చూసి నేను "స్టామినా లేదు" అంటే, నేను ఎక్కిన కొండ నాకేమీ నేర్పనట్టే. గేరు విలువ తెలిసినోడే పక్కోడికి గేరు అడగాలి. ఐక్యత అంటే నాకు అదే.

సైకిళ్ళు మార్చుకున్న రోజు కొలీగ్ మారిపోయాడా అని మీరు అడుగుతారు. లేదు. ఒక్క రోజులో ఎవరూ మారరు. పైకి నడిచొచ్చి, రొప్పు తగ్గాక "ఈ సైకిల్‌తో ఎవడెక్కుతాడు బ్రో" అన్నాడు. "అదే కదా మేం అడిగేది" అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. వాదనలో గెలిచినదానికంటే ఆ మౌనం నాకు ఎక్కువ.

దిగేటప్పుడు మళ్ళీ నల్ల సైకిల్ తీసుకున్నా. దిగుడులో పెడల్ తొక్కే పనే లేదు. బ్రేకు పట్టుకొని కూర్చుంటే చాలు, గాలిలా పోతుంది. ఒక క్షణం నిజంగానే నేను గొప్ప సైకిలిస్టునని అనిపించింది. పుట్టినప్పటి నుంచీ దిగుడు రోడ్డే ఉన్నవాళ్ళకి తమ స్పీడు తమ కాళ్ళదే అనిపించడంలో వింతేముంది?

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి క్లాసులో ఎవరైనా మెరిట్ అంటే కోపం తెచ్చుకోకండి, తల దించుకోకండి. "గేరు వేస్తే కొండ తగ్గుతుందా?" అని అడగండి. జవాబు వాళ్ళనే లెక్క కట్టమనండి. బరువెక్కువై ఒక మలుపులో దిగాల్సి వస్తే, ఒక సబ్జెక్టు పోతే, ఒక ఏడాది ఆగితే, దిగి నెట్టండి. అందులో సిగ్గు లేదు. చదును రోడ్డు మీద ఎవడన్నా దిగమంటే మాత్రం దిగకండి.

రేపు ఖమ్మం మీదుగా ఊరికి పోతున్నా. నాయిన సైకిల్ ఇంకా గోడకు ఆనించే ఉంది. ట్యూబులు మార్పించి, ఆయన్ని క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని పెద్దిళ్ళ బజారులో తొక్కుతా. ఆ సంగతి వచ్చే వారం.

జై భీమ్.