స్లాబు కింద సలి

పోయిన డిసెంబర్‌లో ఒక రాత్రి మా నాయినమ్మ అర్రలోకి కుంపటి తెచ్చుకుంది. తలుపు మూసి, కిటికీ బిగించి, నిప్పులు పక్కనే పెట్టుకుని పడుకుంది. నేను ఛార్జర్ కోసం లోపలికి వెళ్లకపోయి ఉంటే... ఆ వాక్యం పూర్తి చెయ్యను. "తల నొస్తాంది బిడ్డా" అంది అప్పటికే. తలుపులన్నీ బార్లా తీసి, ఆమెను వాకిట్లోకి తెచ్చి, అటే దవాఖానకు తీసుకుపోయాం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు అసలే తెలీదు.

తప్పు ఆమెది కాదు, మా ఇంటిది. బాపు దుబాయ్ నుంచి పంపిన పైసలతో మల్లాపూర్‌లో పెంకుటిల్లు కూల్చి కట్టిన స్లాబు ఇల్లు. మా దిక్కు ఇలాంటి గల్ఫ్ ఇండ్లు ఊరూరా ఉన్నాయి. పాత ఇంటి మట్టిగోడ మూరెడు మందం. పగటి ఎండను పట్టుకుని రాత్రంతా మెల్లగా వదిలేది. ఇప్పుడు ఐదంగుళాల స్లాబు. మబ్బు లేని రాత్రి తన వేడంతా ఆకాశానికి ఇచ్చేసుకుంటుంది. తెల్లారి గోడ మీద చెయ్యి పెడితే ఇగమే.

"హీటర్ కొందాం" అన్నాడు తమ్ముడు. రెండు వేల వాట్ల హీటర్ గంటకు 2 యూనిట్లు తింటుంది. ఎనిమిది గంటలు ఆపకుండా నడిస్తే 16. సందులు అలాగే ఉంచి హీటర్ పెట్టడమంటే ఓటి కుండలో నీళ్లు పోసినట్టే.

అందుకే ముందు సందులు వెతికాం. ఫ్యాన్ ఆపి, అగరుబత్తి వెలిగించి కిటికీ అంచుల వెంట, తలుపు కింద తిప్పాం. పొగ వంకర పోయిన చోటల్లా గాలి వస్తున్నట్టే. తలుపు కిందైతే వేలెడు సందు! నా పాత ప్యాంటు కాలు కోసి, ఊక నింపి, రెండు కొసలూ కుట్టి అక్కడ అడ్డం పెట్టాం. కిటికీ రెక్కలకు ఫోమ్ టేపు. ఉత్తరం కిటికీకి రెండు బతుకమ్మ చీరలు కలిపి పరదా. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి; నాయినమ్మ కట్టుకోనన్న చీరలకు చివరికి పని దొరికింది. పైన వెంటిలేటర్ మాత్రం మూయలేదు, మనుషులు పడుకునే అర్రకు గాలి ఆడాలి.

నేల సంగతి మనం పట్టించుకోం గానీ, టైల్స్ మీద చాప వేసుకుని పడుకుంటే ఒంట్లో వేడిని కింది నుంచి లాగేస్తుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా అంతే. ఆమెకు మంచం వేసి, బొంత కింద గొంగడి పరిచాం. పగలు పరదా తీసి ఎండను లోపలికి రానిస్తాం, పొద్దు వాలకముందే మూసేస్తాం.

స్లాబు మీద వరిగడ్డి పరుద్దామన్నాను. "అగ్గి పడితె?" అన్నాడు బాపు వీడియో కాల్‌లో. నిజమే. స్లాబు ముచ్చట ఇంకా తెగలేదు.

కుంపటి ఇప్పుడు వాకిట్లో ఉంటుంది. పొద్దున్నే దాని పక్కన చేతులు కాపుకుంటూ, "సలైతే తగ్గింది గని, మన పెంకుటింటి లెక్క లేదు" అంటది నాయినమ్మ.