వీడ్కోలు వేళ చిరునవ్వు

మా కళాశాలలో ముప్పది ఏండ్లు గంట కొట్టిన చాచా ఈ సంవత్సరం కన్నుమూశారు. సంతాపసభ జరిగింది. రెండు నిమిషాలు మౌనం పాటించి, తీర్మానం చదివి, ఎవరి దారిన వారం వెళ్ళిపోయాము. ఆయనను గూర్చి ఒక్క ముచ్చటైనా ఎవరూ చెప్పలేదు.

మరునాడు వేపచెట్టు క్రింద కూర్చున్నప్పుడు మాలో ఒకరు, ఆలస్యంగా వచ్చినవారిని చాచా "రండి నవాబ్ సాహెబ్, మీ కోసం మళ్ళీ కొట్టమంటారా?" అని పలుకరించే తీరును అనుకరించారు. అందరం నవ్వాము, నవ్వుతూనే కన్నీరు తుడుచుకొన్నాము. అసలైన వీడ్కోలు అప్పుడే జరిగినట్లు తోచింది.

ఇది అమర్యాద అని కొందరు పెద్దలు తలచవచ్చు. కాని సంప్రదాయమే మాకు సాక్ష్యం. దర్గాలలో వలీల వర్ధంతిని 'ఉర్సు' అంటారు. ఆ అరబ్బీ పదమునకు పెండ్లి అని అర్థం. 1258లో మరణించిన సలాహుద్దీన్ జర్కూబ్‌ను, ఆయన కోరిక మేరకే, మిత్రుడైన మౌలానా రూమీ వాద్యములతో సాగనంపాడు. 1273 డిసెంబరు 17న కోన్యాలో మరణించిన రూమీ వర్ధంతిని నేటికీ 'పెండ్లి రాత్రి' అనే పిలుస్తారు. మన పల్లెలలోనూ పండువయసున పోయినవారిని డప్పుల మ్రోతతో సాగనంపుట కద్దు.

అకాలమరణం సంభవించిన ఇంట ఈ మాట చెల్లదు. అక్కడ మౌనమే మర్యాద. కాని నిండుగా బ్రతికినవారి సభలో వారి హాస్యం వినిపించవలదా? ఇకముందు తీర్మానమునకు ముందు నలుగురైనా తమ జ్ఞాపకములను చెప్పుకొనే అవకాశం కల్పించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము.

గంట ఇప్పుడు వేరొకరు కొడుతున్నారు. ఆలస్యమైననాడు మాత్రం మాకు చాచా పలుకే వినవస్తున్నది.