యుద్ధకాలపు కార్డులు: అసలేది? నకలేది?

2022 ఏప్రిల్ 12వ తేదీన ఉక్రెయిన్ తపాలాశాఖ ఒక తపాలాబిళ్లను విడుదల చేసినది. ఒడ్డున నిలిచిన ఒంటరి సైనికుడు రష్యా యుద్ధనౌకను ధిక్కరించుచున్న బొమ్మ దానిపై నున్నది. రెండు దినములకే, ఆ ధిక్కారమునకు గురియైన 'మాస్క్వా' నౌక నల్లసముద్రమున మునిగిపోయినది. కీవ్ నగరమున తపాలా కార్యాలయము ముందు జనులు బారులు తీరిరి. ముద్రించిన పది లక్షల బిళ్లలకును గిరాకి పుట్టినది. యుద్ధము మొదలై రెండు నెలలైనను నిండకమునుపే యుద్ధచిత్రము సేకర్తల పెట్టెలోనికి చేరినది.

ఇది నూతనాచారము కాదు. ప్రథమ ప్రపంచసంగ్రామ కాలమున ఈ పనిని పోస్టు కార్డు చేసినది. నాటికి రేడియో ఇంటింటికి రాలేదు. సినిమాకు మాట రాలేదు. కార్డు చౌక, జర్మనీ సైనికులకు తపాలా ఖర్చే లేదు. చక్రవర్తుల పటములు, శత్రువును రాక్షసునిగ చూపు వికటచిత్రములు, విజయగాథలు కార్డులపై నెక్కి ఊరూర తిరిగినవి. 1914 సెప్టెంబరు 22 రాత్రి 'ఎమ్డెన్' నౌక మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టినది. నాడు తెలుగువారికిని రాజధానియైన మద్రాసు భయముతో మేల్కొన్నది. జర్మనీలో అదే నౌక వీరనౌకయై కార్డుల కెక్కినది. ఒకరి భీతి ఇంకొకరికి పండుగ. ప్రచారచిత్రమును చదువువాడు మరువరాని మొదటి సంగతి యిది.

అట్టి కార్డులకు నేడు వెల గలదు. వెల గలచోట నకలు పుట్టుట సహజము. ప్రదర్శనశాలలవారు పునర్ముద్రణమని అచ్చువేసి అమ్మునవి నిర్దోషములు. ఆ మాటను దాచి అమ్మునవియే మోసము.

పరీక్ష కొలతతో మొదలు కావలెను. నాటి కార్డు సుమారు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు గలది. పిదప కాలపువి తరచుగ అంతకు పెద్దవి. పిమ్మట వెనుకవైపు చూడవలెను. ఉత్తరమునకును చిరునామాకును నడుమ గీత గీసి చోటు పంచు పద్ధతి బ్రిటనులో 1902లోను, జర్మనీలో 1905లోను వచ్చినది. బోయరు యుద్ధము మొదలైన 1899 నాటిదని చెప్పెడి కార్డుపై ఆ గీత కనబడినచో అనుమానింపవలెను.

తరువాతిది భూతద్దము. ఆ కాలపు కార్డులలో పెక్కింటిపై అక్షరములు నిండుసిరాతో, గట్టి అంచులతో నుండును. కార్డును ఫొటో తీసి మరల అచ్చువేసినపుడు బొమ్మతోపాటు అక్షరములును తరచుగ చుక్కలుగ చెదరును. చుక్కలు కనబడినంతనే నకలనరాదు. బొమ్మలను చుక్కలతో ముద్రించు విధానము 1914 నాటికే కలదు. అక్షరమున చుక్కలున్నవా యనునదే ప్రశ్న.

మరియొకటి అతినీలలోహిత దీపము. రెండవ ప్రపంచసంగ్రామానంతరము కాగితమునకు తెల్లదనము హెచ్చించు రసాయనములను కలుపు వాడుక వ్యాపించినది. అట్టి కాగితము ఆ దీపకాంతికి నీలముగ మెరయును. అట్లు మెరసినచో కార్డు 1914 నాటిది కాదు. కాని మెరయనిదెల్ల 1914 నాటిదనుకొనుటయు పొరపాటే; ఆ రసాయనములు కలియని కాగితము నేడును దొరకును. తపాలాముద్రను దొంగముద్రతో వేయవచ్చును. కాగితమును టీనీటిలో ముంచి ముసలిదానిగ చేయవచ్చును. కనుక ఒక్క సాక్ష్యమును నమ్మి తీర్పు చెప్పరాదు. పలు సాక్ష్యములు ఏకీభవింపవలెను.

అయిన నకలు పలుకునదెల్ల అబద్ధమేనా? ఇచట కార్డును విడిచి ఒక పతకమును చూచుట మేలు. 1915 మే 7వ తేదీన జర్మనీ జలాంతర్గామి 'లూసిటేనియా' నౌకను ముంచినది. సుమారు 1,200 మంది మరణించిరి. మ్యూనిక్ నగరపు శిల్పి కార్ల్ గోట్జ్ ఈ సంఘటనపై ఒక పతకమును చేసి, పొరపాటున మే 5 అని తేదీ వేసెను. బ్రిటిషువారు దానిని పట్టుకొని, నౌకను ముంచుట ముందే యోచించిన హత్యయని చాటిరి. సుమారు మూడు లక్షల నకళ్లు చేయించి, పెట్టెలలో నుంచి, షిల్లింగున కొకటిగ అమ్మిరి. గోట్జ్ పతకముపై నెలపేరు జర్మను వర్ణక్రమమున 'ఐ' అక్షరముతో ముగియును. బ్రిటిషు నకలుపై ఇంగ్లీషు రీతిని 'వై' అక్షరముతో ముగియును. భేదము ఒక్క అక్షరమే. కాని ఆ అక్షరమును గమనింపనివాడు బ్రిటిషు చేతిని జర్మను చేయియని భ్రమించును. ఆ నకలు జర్మను పతకముగ బూటకము. బ్రిటిషు ప్రచారమునకు మాత్రము అదియే అసలు.

కావున అసలు నకలుల విచారణ వెలకు మాత్రమే సంబంధించినది కాదు. మాటలాడుచున్నదెవరు, ఎపుడు, ఎవరిని ఒప్పించుటకు అనునది తేల్చుటయే దాని ప్రయోజనము. అసలు కార్డు నిజమైన కాగితముపై అబద్ధమును మోసియుండవచ్చును. కాగితము అసలైనంత మాత్రమున మాట నిజము కాజాలదు.

నేడు యుద్ధచిత్రములు సెల్‌ఫోనులలో క్షణమున చేతులు మారుచున్నవి. యంత్రములు కల్పించిన బొమ్మలును వానిలో కలిసిపోవుచున్నవి. పాత కార్డునకు వెనుకవైపు కలదు. దానిపై ముద్రాపకుని పేరో, తపాలాముద్రయో, సైనికుని చేవ్రాతయో మిగిలియుండును. నేటి బొమ్మకు వెనుకవైపు లేదు. సేకర్త భూతద్దము పట్టి వేయు ప్రశ్నలను చూపరియే వేసికొనవలసియున్నది. ఆ ప్రశ్నలు వేయక బొమ్మను పదిమందికి పంపువాడు, తానెరుగకయే, ఏదో యొక సైన్యమునకు కార్డులు పంచువా డగుచున్నాడు.